పగలదన్న 2021

2021. కరోనాకు మూసిన యూనివర్సిటీ క్యాంపస్ హాస్టళ్లు మళ్లీ తెరిచిన రోజులు. తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైగదిలో ఉద్యోగ పరీక్షలకు లెక్కలు చెప్పేవాణ్ని. నేను బోర్డు మీద చతురస్రం గీస్తే కింద పెనం మీద దోసె నలుచదరంగా వచ్చేదని అప్పట్లో చెప్పుకునేవారు. చెప్పుకున్నది ఎక్కువగా నేనే. ఇప్పటికీ ఎక్కడైనా పోపులో ఆవాలు చిటపటలాడితే ఆ బ్యాచ్ గుర్తొస్తుంది.

మొత్తం పన్నెండు మంది. వాళ్లలో స్వరూప హాస్టల్ మెస్సులో వంట చేసేది. ఇల్లు మాణికేశ్వర్ నగర్. వయోపరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి పరీక్ష. పాపం, ఫ్యాక్టరైజేషన్ దగ్గర ఆగిపోయేది. అంటే సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టడం. ఒకటీ, తానూ తప్ప మరేదీ శేషం లేకుండా భాగించలేనిదే ప్రధాన సంఖ్య. 360 ఇస్తే 36 × 10 అని రాసి పెన్ను పక్కన పెట్టేది.

“36 ఇంకా పగులుతది గదా, స్వరూపా?”

“ట్రేకు ముప్పయ్యారు ఇడ్లీలు సార్. లెక్కవెట్టేటప్పుడు ట్రే ఇప్పొద్దు. ఇప్పితే మా సూపర్‌వైజర్ ఊకోడు.”

“గీడ నేనే సూపర్‌వైజర్. ఇప్పు.”

విప్పింది. 2 × 2 × 2 × 3 × 3 × 5. పక్కన కూర్చునే రజిత 40 × 9తో మొదలుపెట్టినా చివరికి అవే మిగిలాయి. స్వరూప రెండు నోట్‌బుక్కులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

“హబ్సిగూడకెల్లి వచ్చినా, మెట్టుగూడకెల్లి వచ్చినా తార్నాక చౌరస్తకే గదా సార్!”

ఈ పోలిక నాదేనని ఇన్నేళ్లూ ప్రచారం చేసుకున్నాను. ఇక్కడ మాత్రం నిజం రాస్తున్నాను.

అప్పటినుంచి ఆమె కంటబడ్డ సంఖ్యనల్లా విప్పేది, బస్సు నంబర్లతో సహా.

పరీక్ష ముందురోజు అందరి ముఖాలూ వాడిపోయి ఉంటే, ధైర్యానికి ఒక మాట వదిలాను. “ఈ యేడు ప్రధాన సంఖ్య. మౌలాలి గుట్ట మీదికెల్లి దొర్లించినా 2021 పగలదు. మీరు గూడ గంతే!” చప్పట్లు కొట్టారు. నేను భాగించి చూడలేదు.

మర్నాడు పేపర్లో అదే వచ్చింది: 2021కి ఎన్ని కారణాంకాలు? ప్రధాన సంఖ్యకు రెండే కనక పదకొండు మంది రెండు అని పెట్టారు. స్వరూప 7తో, 11తో, 13తో వరసగా భాగిస్తూ పోయింది. 43 దగ్గర శేషం సున్నా. 43 × 47. కారణాంకాలు నాలుగు.

సాయంత్రం అడిగాను. “నేను చెప్పిన మాట యాదికి రాలేదా?”

“వచ్చింది సార్. గందుకే భాగించిన.”

గది గొల్లున నవ్వింది. రజిత ఒక్కతే నవ్వలేదు.

ఫలితాల్లో స్వరూప ఒక్క మార్కుతో గట్టెక్కింది. రజితకు సరిగ్గా ఆ ఒక్క మార్కే తగ్గింది. “వచ్చేసారి సూస్త సార్” అని సంచి భుజానేసుకుని మెట్లు దిగిపోయింది.

కథలు చెప్పడం నేను మానలేదు. కానీ బోర్డు మీద సంఖ్య ఉంటే మాత్రం, భాగించి చూడకుండా నోరు విప్పను. మార్కులు పోయేది నమ్మినవాళ్లకే, చెప్పినవాడికి కాదు.