హిల్డింగ్ బాగుచేసిన దీపాలు

హిల్డింగ్ వెస్టర్‌లుండ్ మా ఊరు గ్రాన్‌ట్రెస్క్‌లో రంపపు మిల్లుకు కాపలాదారు. మాటకు ముందు గొంతు సవరించుకునే మనిషి. అన్న ఆన్స్‌గార్‌కూ అతనికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఇద్దరూ తండ్రి ఇంట్లోనే ఒకే పొయ్యి పంచుకుని బతికారు. తండ్రి పోతూ పోతూ ఇల్లు ఇద్దరికీ ఇచ్చి, పాత సాబ్ కారు మాత్రం చిన్నవాడికి రాశాడు. అది ఆన్స్‌గార్‌కు గొంతులో ముల్లయింది.

ఏళ్ళ తరబడి పాకలో పడి ఉన్న ఆ కారును హిల్డింగ్ ఒక వేసవిలో బయటికి తీశాడు. ఇంజను మొరాయించలేదు. పాడైనదల్లా ముందు అద్దానికీ దీపాలకూ నీళ్ళు చిమ్మే ఏర్పాటు. రబ్బరు గొట్టాలు ఎండిపోయి, ముట్టుకుంటే బిస్కెట్టులా విరిగేవి. చిమ్మే రంధ్రాలు చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుతో పూడిపోయాయి. పంపు బిగుసుకుపోయింది. దీపాలను తుడిచే చిన్న పుల్లలకు రబ్బరే లేదు. మా దారుల్లో చలికాలం అవి లేకుండా బండి తీయడమంటే కళ్ళకు గంతలు కట్టుకోవడమే.

అతను తుక్కు దుకాణాలు తిరిగి పంపు తెచ్చాడు. కుట్టు సూదితో రంధ్రాలు పొడిచాడు. గొట్టాలు కొత్తవి వేశాడు. నీళ్ళు ఒక దీపానికే ఎక్కువ పోతుంటే మళ్ళీ అంతా విప్పాడు.

నేను నడిపే కిరాణా కొట్లో కాఫీ బల్ల దగ్గర ఆన్స్‌గార్ అందరికీ వినపడేలా అనేవాడు: "మావాడు కారుకి మొహం కడగడం నేర్పుతున్నాడయ్యా! వాడి ముక్కు తుడుచుకోవడం వాడికింకా రాలేదు."

జనం నవ్వేవారు. హిల్డింగ్ యాలకుల రొట్టె తుంచుకుంటూ, "అయిపోవచ్చిందిలే అన్నా," అనేవాడు.

శరదృతువులో పాత కార్లంటే మోజున్నవాళ్ళు తమ బండ్లతో మా చర్చి ముందు కలిశారు. హిల్డింగ్ మీట నొక్కాడు. నీళ్ళు దీపాల మీద సమంగా పడ్డాయి, పుల్లలు రెండూ ఒక్క ఊపులో కదిలాయి. అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అతని జీవితంలో అతని కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం నేను చూసింది అదొక్కసారే. ఆన్స్‌గార్ ఒక పక్కన చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

చలి ముదిరాక ఒక ఉదయం హిల్డింగ్ తన కుక్క తుస్సాను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని పట్నం బయలుదేరాడు. ముందు వెళ్తున్న దుంగల లారీ బురద మంచు ఎగజిమ్మింది. అతను మీట నొక్కాడు. తొట్టిలో గడ్డకట్టకుండా స్పిరిట్ కలిపిన నీళ్ళుంటే అద్దం శుభ్రపడేది. ఉన్నవి ఉత్త నీళ్ళు. పడ్డ చోటల్లా గడ్డకట్టాయి, అద్దం పాలు పోసినట్టు తెల్లబడింది. మలుపు కనపడలేదు. కారు రోడ్డు పక్క భూర్జ చెట్టుకు గుద్దుకుంది. తుస్సా అక్కడే చచ్చిపోయింది. గాజుపెంకు హిల్డింగ్ ఎడమ కన్ను తీసేసింది.

అతను ఆసుపత్రి నుంచి వచ్చాక, కాఫీ బల్ల దగ్గరే ఆన్స్‌గార్ తనంతట తాను చెప్పాడు, నవ్వుతూ.

"నేనేరా స్పిరిట్ పారబోసి నీళ్ళు పోసింది. అంత గొప్పగా బాగుచేశావు కదా, ఏం చేస్తావో చూద్దామని."

బల్ల చుట్టూ ఎవరూ నవ్వలేదు.

"తుస్సా చచ్చిపోయింది అన్నా," అన్నాడు హిల్డింగ్.

"ముసలి కుక్క. ఎలాగూ పోయేదే. తమాషాకి చేసినదానికి ఏడుస్తావేంట్రా ఆడపిల్లలాగా?"

హిల్డింగ్ కాఫీ పూర్తిచేసి, కప్పు కడిగి బోర్లించి వెళ్ళాడు. ఆ వారంలోనే మిల్లు వెనక గదికి మారాడు. పోలీసులకు చెప్పమని నేను పోరాను. "చెప్తే ఏమొస్తుంది? మళ్ళీ నవ్వుతాడు," అన్నాడు. ఒంటికన్నుతో బండి నడిపే అనుమతి వచ్చేదాకా ఆగాడు. ఆ లోపల కారు ముందుభాగం మొత్తం తిరిగి కట్టుకున్నాడు, ఈసారి మిల్లు పాకలో, తలుపుకు తాళం వేసుకుని.

తర్వాత ఆన్స్‌గార్ తాగి నడిపి లైసెన్సు పోగొట్టుకున్నాడు. ఒక జనవరి సాయంత్రం సంచి మోసుకుంటూ కొట్టు నుంచి నడిచి వెళ్ళాడు. గాలివాన లాంటి మంచు. కొట్టు మూసి నేను వ్యానులో బయలుదేరేసరికి అతను రోడ్డు పక్క గుంటలో కూలబడి ఉన్నాడు. చేతి తొడుగులు ఎక్కడో పోయాయి. వ్యానులోకి లాగాను.

"హిల్డింగ్ పోయాడు ఇటు," అన్నాడు పళ్ళు కొట్టుకుంటుంటే. "చెయ్యెత్తాను. ఆపలేదు."

"ఈ మంచులో కనపడి ఉండవులే."

"వాడి బండి నేను ఎరగనా? వాడి దీపాల వెలుగు నా మొహం మీద పడిందమ్మా."

ఆసుపత్రిలో, చలికి గడ్డకట్టి చచ్చుబడ్డ అతని కుడిచేతి వేళ్ళు తీసేశారు.

హిల్డింగ్ కొట్టుకు వచ్చినప్పుడు అడిగేశాను. "ఆ రోజు మీ అన్నని చూశావా?"

గొంతు సవరించుకున్నాడు. "చూశాను."

"చచ్చిపోయేవాడు కదయ్యా!"

"పోలేదుగా," అన్నాడు. "బంగాళాదుంపలు కొత్తవేనా అమ్మా? పోయినసారివి కుళ్ళి ఉన్నాయి."

నేను తూచి ఇచ్చాను. సంచి తీసుకుని, తలుపు దగ్గర బూట్ల మంచు దులుపుకుని వెళ్ళిపోయాడు. అన్నదమ్ములు ఆ తర్వాత మాట్లాడుకోలేదు.