జెండా దించని బఫే

మా చిన్నప్పుడు హోటల్లో కూర్చోగానే అమ్మ మెనూ కార్డును కుడివైపు నుంచి చదివేది... ధరలుండేది అటువైపే కదా. కాసేపు చూసి కార్డు మూసేసి, "నాకు ఆకల్లేదప్పా, మీరు తినండి" అనేది. అంత దూరం బస్సులో నిలబడి వచ్చిన మనిషికి ఆకలి ఎక్కడికి పోయేదో నాకూ తమ్ముడికీ ఎప్పుడూ అర్థమయ్యేది కాదు...

నాన్నది పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని. మా ఇంట్లో తేదీ తెలియాలంటే క్యాలెండర్ అక్కర్లేదు, పళ్ళెం చూస్తే చాలు. జీతమొచ్చిన వారం కూర్చుని తినే హోటల్లో మసాలా దోసె. నెల మధ్యలో నిలబడి తినే దర్శినిలో ఇడ్లీ, వడ... అమ్మానాన్నలకు ఒకే కాఫీ బై-టూ. నెలాఖరుకు ఇంట్లోనే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి. నిజం చెప్పొద్దూ, నాకు నెలాఖరే ఇష్టం. అమ్మ వాటా మాత్రం ఎప్పుడైనా ఒకటే... మేము వదిలేసిన అంచులు.

ఇది చూసి చిన్నాన్నకు ప్రాణం ఉసూరుమనేది. నాన్న తమ్ముడు ఆయన. ఉద్యోగం వెతుక్కుంటూ హిందూపురం నుంచి వచ్చి చాన్నాళ్లు మా ఇంట్లోనే ఉన్నాడు. ఆ రోజుల్లో గిన్నెలో ఆఖరి ముద్ద ఎవరి పళ్ళెంలో పడేదో ఆయనకు బాగా తెలుసు. అందుకే బ్రూక్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ఉద్యోగం దొరికి మొదటి జీతం చేతికి రాగానే మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"వదినా, ఈ ఆదివారం బఫేకి పోదాం. ఆడ మెనూ కార్డే ఉండదు. ఎంత తిన్నా ఒకటే రేటు. నువ్వు కడుపునిండా తినల్ల, నేను చూడల్ల. అంతే."

"తినకపోయినా అదే రేటా?" అంది అమ్మ.

"అదే రేటు."

అమ్మకు ఇది ఘోరంగా తోచింది. కట్టే రేటుకు సరిపడా తినాలని ఆదివారం పొద్దున ఇంట్లో పొయ్యి వెలగలేదు... తమ్ముడు బిస్కెట్ అడిగితే నాన్న వాడిని ద్రోహిని చూసినట్టు చూశాడు.

ఆ హోటల్లో బల్ల మధ్యలో బొగ్గుల కుంపటి. దానిమీద చువ్వలకు గుచ్చిన కోడి ముక్కలు, రొయ్యలు, ఆఖరికి అనాసపండు కూడా... పక్కనే ఒక బుల్లి జెండా.

"ఇంత దుడ్డు తీసుకొని మనచేతనే కాల్పిస్తా ఉండారేమప్పా?" అంది అమ్మ.

చిన్నాన్నకు ఆఫీసు స్నేహితులు ముందే చెప్పారట... మొదట వచ్చే చువ్వలతో కడుపు నింపుకోవద్దు, బిర్యానీ, కూరలు, మిఠాయిలు అవతలి బల్లల మీద ఉంటాయి, లేచి వెళ్లి పెట్టుకోవాలి అని. ఆయన మాకు చెప్పాడు. అందరం తలలూపాం.

కానీ లేచేదెలా? మాది పంక్తి భోజనాల వంశం. ఎదుట మనిషి వడ్డిస్తుండగా లేవకూడదు, పెట్టింది వద్దనకూడదు... రెండూ నాన్న మాకు ఉగ్గుపాలతో పోసినవే. చువ్వలు తెచ్చేవాళ్లు ఆపగానే లేద్దామని మేము కూర్చున్నాం. వాళ్లేమో ఆపరు... ఒక చువ్వ ఖాళీ అయ్యేలోగా ఇంకో చువ్వ.

ఒకసారి తమ్ముడి మోచెయ్యి తగిలి జెండా పడిపోయింది. నాన్న గబుక్కున లేపి నిలబెట్టాడు. ఏటా ఆగస్టు పదిహేనుకు వాళ్ల ఫ్యాక్టరీలో జెండా కట్టేది ఆయనే మరి.

"జెండా ఎవురిదైనా కానీ, పడితే చూస్తా కూర్చోకూడదు" అన్నాడు.

ఇంకో విడత చువ్వలు వచ్చాయి. తమ్ముడు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. చిన్నాన్నకు చెమటలు... అయినా నోరు విప్పి అడగడు. పిలుచుకొచ్చినవాడే తెలియదంటే పరువేం కాను?

చివరికి నాన్నే వడ్డించే ఆయన్ని బతిమాలుకున్నాడు. "ఇంగ చాలప్పా. మీరు ఎప్పుడు నిలిపేది?"

ఆయన కుప్పం వైపు మనిషి. మా మాట వినగానే మొహం విప్పారింది. "ఆ జెండా దించితేనే నిలిపేదన్నా. అది నిలబడుకొని ఉంటే ఇంకా తెమ్మని అర్థం. మీరు ఒకసారి దించి మళ్లా ఎత్తితిరి. భలే తింటా ఉండారే అనుకుంటిమి."

నాన్న జెండాను పడుకోబెట్టాడు.

అప్పటికి బిర్యానీ వైపు చూసే ఓపిక కూడా ఎవరికీ లేదు. చిన్నాన్న మొహం పాలిపోయింది. "తప్పైపాయ వదినా... అసలు భోజనం నీకు తినిపించకపోతి" అన్నాడు. అంటూ అమ్మ పళ్ళెం చూసి ఆగిపోయాడు. మేమూ చూశాం. దాంట్లో ఒక్క అనాస ముక్క తప్ప ఏమీ అంటిన జాడ లేదు. వచ్చిన ప్రతి చువ్వలోంచీ తన వాటా మా పళ్ళాల్లోకే తోసింది... అలవాటు.

చిన్నాన్న లేచి వెళ్లి బిర్యానీ, పప్పు, పెరుగన్నం, జిలేబీ అన్నీ పెట్టుకొచ్చి అమ్మ ముందుంచాడు. అమ్మ మొదటి ముద్ద కలిపి తమ్ముడి నోటికి చాచింది. వాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నా వైపు చాచింది... నేను తల తిప్పేశాను. "నాకొద్దే తల్లీ" అని నాన్న దండం పెట్టాడు.

ఇక పెట్టడానికి ఎవరూ మిగల్లేదు. అమ్మ ఒకసారి అందర్నీ చూసి, ఆ ముద్ద తనే తినేసింది. తర్వాత ఇంకోటి... పళ్ళెం ఖాళీ చేసి, తనే లేచి వెళ్లి మళ్లీ పెట్టుకొచ్చింది. మేము నలుగురం చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాం. చిన్నాన్న ఏడ్చేశాడు.

"ఏమప్పా, దుడ్డు పోయిందనా?" అంది అమ్మ.

"లేదు వదినా. ఇంకొక జిలేబీ తిను."

ఇప్పుడు ఫోన్‌లో వేలు తాకిస్తే చాలు, ఏ హోటల్ తిండైనా గుమ్మం దగ్గరికి వస్తుంది. ఎవరి డబ్బా వాళ్లది, ఎవరి గదిలో వాళ్లం. అమ్మకేమో షుగరు... రెండు పుల్కాలు తిని చాలంటుంది. ఏది కావాలన్నా కొనిపెట్టగలను, కొలత లేకుండా తినిపించడం మాత్రం ఇక నా చేతిలో లేదు.

మీ అమ్మ కడుపునిండా తినడం మీరెప్పుడైనా చూశారా? చూసి ఉంటే కింద రాయండి... గుర్తు రాకపోతే, ఈ ఆదివారం మీరంతా ముందే తినేసి, ఆమె ఎదురుగా ఊరికే కూర్చోండి.