పక్కింటి అవ్వ అడిగిన ముచ్చట్లు

ఎల్లారెడ్డిలో మా అత్తగారింటి పక్కనుండే అవ్వ చనిపోయిందని కామారెడ్డిలో నాకు కబురు తెచ్చినవాడు బండి కూడా దిగలేదు. దిగకుండా చెప్పిన కబురు నేను నమ్మను. ఎవరు చెప్పారు, నువ్వు చూశావా, ఏ పూట పోయింది, అని దారికి అడ్డంగా నిలబడి అడిగాను. "కాష్టానికి కట్టెలు నేనే మోసిన, అక్కా, ఇంకేం సూడాలె?" అన్నాడతను. అప్పుడు నమ్మాను. లోపలికి వచ్చి చేట ముందు పెట్టుకుని కూర్చున్నాను కానీ ఒక్క గింజా ఏరలేదు.

నాది పుట్టు అనుమానం. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనుకుంటాను. ఆ బుద్ధితోనే ఆ ముసలమ్మకు ఒక అన్యాయం చేశాను. ఆవిడను తలచుకునేటప్పుడు అది దాచి మంచి మాటలే రాస్తే, అది రెండో అన్యాయం అవుతుంది.

నేను తాడ్వాయి పిల్లను. మా పెండ్లిలో మామగారు కూర్చున్న భోజనాల బంతికి పెరుగు అందలేదు. అంతే. దానికే రెండు ఇండ్ల నడుమ రాకపోకలు బందయ్యాయి. మామగారు పోయాక కూడా అత్త ఆ పెరుగును మరవలేదు. కాపురానికి వచ్చాక మూడేళ్లు నేను మా అమ్మ మొహం చూడలేదు.

ఇప్పుడు దేశాల మధ్య లడాయి వల్ల అగ్గిపెట్టెలు దొరకడం లేదని అందరూ గొణుగుతున్నారు. మా వాడలో అప్పుడు కూడా అగ్గిపెట్టె ఉన్న ఇల్లు తక్కువే. రాత్రి బూడిద కప్పి దాచిన నిప్పును పొద్దున పక్కవాళ్లు పిడక మీద పెట్టుకుని పోయేవారు. అవ్వ కూడా అలాగే పిడక పట్టుకుని వచ్చేది. నిప్పు తీసుకునేది కానీ వెళ్లేది కాదు. పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని మొదలుపెట్టేది.

"నిన్న ఏం కూర వండినవ్ బిడ్డా?"

"చింతచిగురు పప్పు."

"ఉప్పు సరిపోయిందా? నువ్వు తిన్నంక మిగిలిందా, మిగిలినంక తిన్నవా? తల దువ్వుకున్నవా? నవ్వినవా?"

ప్రతి పొద్దూ చివరి ప్రశ్న అదే. నవ్వినవా? ఎదురింటి మేకపిల్ల మా నీళ్ల గాబులో మూతి పెట్టి తుమ్మిందని చెప్తే, ఎన్నిసార్లు తుమ్మింది అని అడిగేది. పెద్ద విషయాలు ఆవిడకు అక్కర్లేదు. "పెద్ద ముచ్చట్లు ఊరే చెప్తది. చిన్నయి ఎవలన్న అడిగితేనే ఉంటయి" అనేది. అలా అంటూనే కొంగులోంచి ఒక దారం తీసి, నేను చెప్పిన ఒక్కో సంగతికి ఒక్కో ముడి వేసుకునేది.

ఇంకేం కావాలి నాకు! ఆ ముడులు చూసి మొదట చేతబడి అనుకున్నాను. తరువాత ఒక పొద్దున దొడ్లోకి వెళ్లి చూస్తే అవ్వ ఇంటి కప్పులోంచి అప్పటికే పొగ లేస్తోంది. పొయ్యి వెలిగించుకునే వచ్చిందన్నమాట. ఇంట్లో నిప్పు ఉండి నిప్పుకు వచ్చే మనిషి ఎందుకు వస్తుంది? ఆ వారంలోనే అత్త, "పొద్దుగాల బెల్లం నోట్లె ఏసుకుంటున్నవట" అంది. బెల్లం సంగతి నేను అవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు. డబ్బా తరుగుతుంటే అత్తకు తెలియదా అన్న ఆలోచన నాకు తట్టలేదు. అనుమానం ఉన్న చోట అలాంటి ఆలోచనలు తట్టవు. అవ్వ అత్త పెట్టిన మనిషని తేల్చేసుకున్నాను.

తేల్చుకుని ఊరుకోలేదు, పరీక్ష పెట్టాను. అత్త విని ఒక్క పూట కూడా కడుపులో దాచుకోలేని మాట ఒకటి వెతికాను. పెండ్లయి మూడేళ్లు, ఒడి నిండలేదు. ఒక పొద్దున నిప్పు తీసి ఇస్తూ గొంతు తగ్గించి చెప్పాను.

"నెల తప్పింది అవ్వా. ఎవలకు చెప్పకు."

ఆవిడ పిడక కింద పెట్టేసింది. ఆ రోజు ఉప్పు సంగతి అడగలేదు, నవ్వినవా అని కూడా అడగలేదు. ముడి మాత్రం వేసింది, దారం తెగుతుందేమో అన్నంత గట్టిగా.

సాయంత్రానికి అత్త నోట వస్తుందని చూశాను. రాలేదు. మర్నాడూ రాలేదు. అత్త మామూలుగానే కసురుతోంది. నాకు దానిమీదా అనుమానమే, ఇద్దరూ కలిసి ఏదో అనుకుంటున్నారని. మధ్యలో లింగంపేట అంగడి వచ్చింది. అవ్వ ఎప్పటిలాగే చీపుర్లు మోపు కట్టుకుని అమ్మడానికి పోయి వచ్చింది.

అంగడి అయిన రెండో రోజు పొద్దున, అవ్వ నిప్పు పట్టుకుని వెళ్లాక, నేను ముట్టయ్యాను. వసారా చివర చాప వేసుకుని దూరంగా కూర్చున్నాను. మధ్యాహ్నం వేళ వాకిట్లో ఎవరో నిలబడ్డారు. తల మీద గంప, మోకాళ్ల దాకా దుమ్ము. మా అమ్మ.

"ఎవలు పిలిచిన్రు?" అంది అత్త.

"పిలువకున్నా వచ్చిన వదినా. బిడ్డ కడుపుతోటి ఉన్నదంటే తల్లి ఆగుతదా? అరిసెలు తెచ్చిన." అలా అంటూనే అమ్మ నా వైపు తిరిగింది. నేను కూర్చున్న చాప చూసింది. ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది. మూడేళ్ల తరువాత వచ్చిన తల్లి, నన్ను ముట్టుకోవడానికి కూడా వీలులేని రోజున వచ్చింది.

"నీకెవలు చెప్పిన్రు గీ మాట?" అని అత్త గట్టిగా అడిగింది. ఆ కేకకు గోడ అవతలి నుంచి అవ్వ వచ్చింది. అమ్మ కళ్లు ఆవిడ మీదికి పోయాయి. అవ్వ నా చాప వైపు చూసి, తరువాత నా మొహంలోకి చూసింది. ఒక్కసారే. నేను తల వంచుకున్నాను.

"నేనే చెప్పిన," అంది అవ్వ. "అబద్ధం చెప్పిన. తల్లీబిడ్డ ఒక్కతాన కూసుంటే సూడాలనిపించింది."

"ఇగ మా ఇంటి గడప తొక్కకు," అంది అత్త.

అబద్ధం నాదని చెప్పడానికి నాకు నోరుంది. అత్తంటే భయం దానికంటే పెద్దదయింది. చెప్పలేదు.

ఎండన పడి వచ్చిన మనిషిని అన్నం పెట్టకుండా పంపితే వాడ ఏమంటుందోనని అత్త లోపలికి వెళ్లింది. అమ్మ నాకు నాలుగు మూరల దూరంలో కూర్చుని, మెల్లగా చెప్పింది. వారం వారం లింగంపేట అంగడికి తను వచ్చేదట. అవ్వ దారం తీసి ఒక్కో ముడి విప్పుతూ నా వారమంతా చెప్పేదట. నాకు చెప్పొద్దని అమ్మే అందట, తెలిస్తే నేను తల్లికోసం కష్టాలు దాచి చెప్తాననీ, అత్తకు నా మొహం చూస్తే తెలిసిపోతుందనీ. "గంత నమ్మిన. గిట్ల అబద్ధమాడుతదనుకోలే," అంది అమ్మ.

అప్పుడైనా చెప్పవలసింది. అత్త లోపలే ఉంది, అమ్మ ఎదురుగా ఉంది. పక్కింటి గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ తరువాత అవ్వ మా ఇంటికి రాలేదు. నా రోజుల గురించి అడిగేవాళ్లు లేకపోయారు. కూర మాడినా, నవ్వు వచ్చినా, ఆ పూటకు ఆ పూటే పోయేది. అడిగినన్నాళ్లు విసుక్కున్న నేను, పొద్దున్నే పొయ్యి దగ్గర చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. రెండేళ్లకు మా ఆయనకు కామారెడ్డిలో బియ్యం మిల్లులో పని దొరికింది. సామాను బండికెక్కిస్తుంటే అవ్వ తన వాకిట్లోంచే అడిగింది.

"ఆడ నిన్ను ఎవలన్న అడుగుతరా బిడ్డా?"

"అడుగుతరు అవ్వా," అన్నాను. అది నేను ఆవిడతో చెప్పిన రెండో అబద్ధం.

కబురు విన్న మర్నాడు ఎల్లారెడ్డికి బయలుదేరాను. దారిలో తాడ్వాయిలో దిగి అమ్మకు చెప్పాను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. చెయ్యి ఆపకుండానే, "పాపం. మంచి మనిషే, గా ఒక్క అబద్ధం ఆడకపోతే," అంది.

"అబద్ధం ఆమెది కాదమ్మా. నాది." ఎందుకు చెప్పానో, ఎవరి మీద అనుమానంతో చెప్పానో, అంతా చెప్పాను. చెప్తుంటే ఏడుపు వచ్చింది.

అమ్మ చెయ్యి ఆపి అడిగింది. "గీ మాట ఆమెకు చెప్పినవా?"

లేదని తల ఊపాను.

"అంగడిల ఎదురుపడ్డప్పుడల్లా నేను మొఖం తిప్పుకొని పోయిన," అంది అమ్మ. "పిలిచేది. 'బిడ్డ మంచిగున్నది, ఇను' అనుకుంట ఎంబడి వచ్చేది. చీపురు గూడ ఇంకొకల తాన కొన్న."

చింతపండు వదిలేసి లేచి, వాకిట్లోకి వెళ్లి లింగంపేట దారి వైపు నిలబడింది. ఆ ఎండలో దారి మీద ఎవరూ లేరు. అమ్మ అటు నుంచి మొహం తిప్పుకోలేదు.