ఊపిరి తీసుకునే వైర్‌లెస్ సెట్టు

మొన్న షేక్‌పేట ఫ్లైఓవర్ మీద ముందుకూ వెనక్కూ కదలని బండ్ల మధ్య కూర్చుని ఉండగా మా చెల్లెలు ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ పంపింది. నొక్కి వింటే, "కి నువ్వు వెళ్తున్నావా అక్కా, నన్ను వెళ్ళమంటావా" అని వినిపించింది. ఎక్కడికి వెళ్ళాలో ఆ దేవుడికే తెలియాలి. దానికి చిన్నప్పటినుంచీ తొందరే. ఫోను రికార్డు చెయ్యడం మొదలుపెట్టేలోపే తను మాట మొదలుపెట్టేస్తుంది. "తల తెగింది" అని పైకే అనేశాను. క్యాబ్ డ్రైవరు ఉలిక్కిపడి అద్దంలోంచి నా వంక చూశాడు. నీది కాదులే నాయనా అని సర్దిచెప్పాను గానీ, ఇల్లు చేరేదాకా అతను నన్ను ఓ కంట కనిపెడుతూనే ఉన్నాడు.

ఆ మాట నాది కాదు, మా బాబాయిది. ఆయన డబ్బింగ్ కళాకారుడు. ఆ రోజుల్లో డబ్బింగ్ థియేటర్‌లో ఫిల్ము ముక్కను చుట్టలా అతికించి అదే సన్నివేశాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పేవారు. కళాకారుడు తొందరపడి, రికార్డు చేసే యంత్రం వేగం అందుకోకముందే నోరు తెరిస్తే మొదటి అక్షరం ఎగిరిపోయేది, ఇంజనీరు గాజు తలుపు అవతలి నుంచి తల తెగిందని విసుక్కునేవాడు. బాబాయికి మాత్రం ఆ మాట పడ్డ రోజు లేదని పిన్ని గొప్పగా చెప్పుకునేది.

ఎనభైలలో సినిమా వాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు నుంచి సామాను సర్దుకుని వస్తున్నప్పుడు బాబాయీ పిన్నీ కూడా వచ్చి ఫిల్మ్ నగర్‌లో గుట్ట అంచున ఒక చిన్న అద్దె ఇంట్లో దిగారు. నా ఈడు వాళ్ళకు ఆనాటి ఫిల్మ్ నగర్ గురించి కొత్తగా చెప్పేదేముంది, ఇళ్ళకన్నా బండరాళ్ళే ఎక్కువ. బాబాయి మేడ మీద నిలబడితే సికింద్రాబాద్ దాకా చూపు ఆనేది. తెర మీద ఆయన ముఖం ఎవరూ చూడలేదు గానీ ఆ గొంతు వినని ఇల్లు లేదు: ప్రతినాయకుడి కుడిభుజం, ఇన్‌స్పెక్టర్, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి తల అడ్డంగా ఊపే డాక్టరు, అన్నిటికీ మించి జడ్జిగారు. ఎంతమందికి ఉరిశిక్ష వేశాడో ఆయనకే గుర్తులేదు. ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు కూడా ఆయనదే కావడంతో, శనివారం సినిమా చూసొచ్చిన పిల్లలు ఆ గొంతు విని తల్లుల చాటుకు నక్కేవాళ్ళు.

ఇక మిగిలిన ప్రేమంతా వైర్‌లెస్ మీద. సర్కారు పెట్టే పరీక్ష పాసై, అనుమతి తెచ్చుకుని, ఇంటి నుంచే తోటివాళ్ళతో గాలిలో మాట్లాడుకునే సరదా అది. హామ్ రేడియో అంటే మీకు గుర్తొస్తుంది. రోజూ పొద్దున్న ఏడు గంటలకు, రైల్వేలో వైర్‌లెస్ చూసి రిటైరైన ఒక పెద్దాయన సికింద్రాబాద్ నుంచి అందరి కాల్‌సైన్లూ, అంటే సర్కారు ఒక్కొక్కరికీ ఇచ్చిన గుర్తు అక్షరాలు, హాజరు పిలిచినట్టు వరసగా పిలిచేవారు. పిలుపు పడ్డవాళ్ళు రెండు ముక్కలు మాట్లాడాలి. పాలిటెక్నిక్ చదివి ఒక వర్క్‌షాపులో వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తున్న నన్ను కూడా ఆ పరీక్షకు కూర్చోబెట్టింది బాబాయే. ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని చుట్టాలంతా అన్న రోజుల్లో ఆయన ఒక్కడు అనలేదు, అందుకు నేను ఈనాటికీ ఆయనకు ఋణపడే ఉన్నాను.

తొంభైల మొదట్లో ఆ గొంతుకే జబ్బు చేసింది. ప్రాణం దక్కాలంటే తప్పదని డాక్టర్లు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఊపిరి కూడా మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచే. దాని మీద పిన్ని పల్చటి తెల్లబట్ట కుట్టి కట్టేది. ఒక పలకా బలపమూ కొనుక్కున్నాడు, గుండ్రటి అక్షరాలతో రాసి చూపించేవాడు. పొద్దుటి పిలుపులో మాత్రం పెద్దాయన ఆయన కాల్‌సైన్ మానలేదు. పిలిచి, మాట్లాడేవాళ్ళకు ఇచ్చినంత వ్యవధీ ఇచ్చి ఆగేవారు. బాబాయి మైకు మీట రెండుసార్లు నొక్కి వదిలేవాడు. అందరి సెట్లలోనూ టక్, టక్ అని వినిపించేది. అదే ఆయన హాజరు.

అలా నాలుగు నెలలు సాగాక, కొత్తగా చేరిన ఒకాయన, బంజారా హిల్స్‌లో కంప్యూటర్ల ఆఫీసు నడిపే మనిషి, సంగతి తెలియక, "ఎవరండీ అది, మీట నొక్కి ఆడుకుంటున్నారు? కొంచెం బాధ్యత ఉండాలండీ" అన్నాడు. పెద్దాయన వెంటనే చీవాట్లు పెట్టారు, ఆయనా నొచ్చుకుని మర్నాడే ఇంటికొచ్చి చేతులు పట్టుకున్నాడు. బాబాయి నవ్వి భుజం తట్టి పంపాడు గానీ ఆ రోజుతో సెట్టు కట్టేశాడు. నేను వెళ్ళినప్పుడు పలక మీద రాసి చూపించాడు: "క్రిస్మస్‌కి సున్నం వేయిస్తున్నాం. ఆ లోపల మేడ మీది యాంటెన్నా దించెయ్యి." పిన్ని వంటింట్లోంచి చూస్తోంది. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. క్రిస్మస్ దాకా నాకు టైమివ్వు, అప్పటికీ వద్దంటే నేనే దించుతానన్నాను.

నోటితో పనిలేని మోర్సు కోడు ఉంది కదా అంటారేమో. పరీక్ష కోసం నేర్చుకుని మర్నాడే మరిచిపోయిన మనిషి ఆయన. మాటలతో బతికినవాణ్ణి టిక్కుటిక్కుమనమంటే ఎలా అని రాశాడు. నా ఆలోచన వేరు. అప్పుడప్పుడే మన హామ్‌లలో కొందరు కంప్యూటర్‌లో టైపు చేసిన అక్షరాలను మోడెం అనే చిన్న పెట్టెతో ఈలలుగా మార్చి, వైర్‌లెస్‌లో పంపి, అవతల మళ్ళీ అక్షరాలుగా తెర మీదికి తెప్పించుకుంటున్నారు. బాబాయి గుంటూరులో కుర్రతనంలో టైపు హయ్యర్ పాసయ్యాడు. కంప్యూటర్లాయన తన తప్పు కడుక్కోవడానికన్నట్టు పాత కంప్యూటర్లు రెండు ఇచ్చి, మోడెం పెట్టెలు రెండు తనే చేసిపెట్టాడు. ఇక కావలసింది గట్టి సెట్లు, ఒకటి ఈ చివర, ఒకటి పెద్దాయన ఇంట్లో. బాబాయిది చేతిలో పట్టుకునే చిన్నది, కాసేపు ఆగకుండా పంపితే వేడెక్కి ఊరుకునేది. కొత్తవి కొనడం మనవల్ల అయ్యే పని కాదు.

మా హామ్‌లంతా చేసే పనే నేనూ చేశాను, ఎవరో వాడి వదిలేసినవాటి కోసం వెతికాను. షూటింగులకు లైట్లూ జనరేటర్ వ్యాన్లూ పంపే ఒక ఔట్‌డోర్ యూనిట్ వాళ్ళు వ్యాన్లలోని పాత సెట్లు పీకేసి షేక్‌పేటలో ఒక రేకుల షెడ్డులో పడేశారని తెలిసింది. అక్కడి స్టోరు చూసే షేక్‌పేట పెద్దమనిషి వాటి మీద దుమ్ము తన తువ్వాలుతోనే దులిపాడు. "తీస్కపో బిడ్డా, ఊకనే పడున్నయి. జర పైలంగ ఎత్తు, ఒక్కోటి గ్యాస్ బండంత బరువుంటది. వానల తడ్సినా, వ్యాన్ మీదికెల్లి కింద పడ్డా వీటికి మాట పోలే" అన్నాడు. ఎవరి కోసమో చెబితే ఆయన, ఆ జడ్జి సారుకేనా అని అడిగి, నేను అడగని మూడో సెట్టు కూడా విడిభాగాలకు పనికొస్తుందని ఆటోలో పెట్టించాడు.

ఆ సెట్లను ఎంత పొగిడినా తనివి తీరదు నాకు. లోపల ప్రతి తీగా పట్టకారుతో వంచినట్టు నిలువుగా, ప్రతి అతుకూ ముత్యంలా ఉండేది. చేసినవాళ్ళు పేరు రాసుకోలేదు గానీ ఆ పని చూస్తే నమస్కారం పెట్టబుద్ధయ్యేది. అవి ఒకే చానల్‌కు బిగించినవి. దాన్ని నిర్ణయించే అగ్గిపెట్టెలో సగమంత క్రిస్టళ్ళు మార్చి, మన హామ్‌ల చానల్‌వి బెంగుళూరు నుంచి తెప్పించి పెట్టాలి, తర్వాత లోపలి కాయిల్స్‌ను సన్నగా తిప్పి దారికి తేవాలి. ఇనుప స్క్రూడ్రైవర్ దగ్గరికి వస్తేనే అవి లెక్క తప్పుతాయి కనుక పిన్ని స్వెట్టర్లల్లే ప్లాస్టిక్ సూది ఒకటి అడిగి తీసుకుని కొస అరగదీసి వాడాను. ఆ చలికాలం బాబాయి స్వెట్టరు ఒక చెయ్యి పొట్టిగా ఉండిపోవడానికి అదే కారణమని పిన్ని చాలా ఏళ్ళు సాధించింది.

అంతా బిగించి పంపితే అవతల పెద్దాయన తెర మీద ఒక్క అక్షరం పడలేదు. మాట్లాడి చూస్తే గొంతు గంటలా వినిపిస్తోంది, ఈలలు పంపితే శూన్యం. నా అతుకులు ఊడదీసి మళ్ళీ అతికాను, కంప్యూటర్లాయన మోడెం మీద అనుమానపడి మాటా మాటా అనుకున్నాం, మూడో సెట్టు గుండెకాయ పీకి మొదటిదాంట్లో పెట్టాను. ఆదివారాలన్నీ ఇలాగే గడిచిపోయాయి. బాబాయి గుమ్మంలో నిలబడి ఏదో రాసి చూపించబోతే, ఇది నీకు తెలిసిన పని కాదు బాబాయ్, కాసేపు ఊరుకో అన్నాను. మాట పోయిన మనిషిని పట్టుకుని ఊరుకోమన్నాను చూడండి. ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నాలుక కొరుక్కుంటాను.

క్రిస్మస్ ముందరి ఆదివారం. సున్నం వేసేవాళ్ళు మర్నాడు వస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చివరిసారిగా పంపుతూ కూర్చున్నాను. వరండాలో బాబాయి నెలల తరబడి ముట్టని తన చేతి సెట్టు తీసి చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటున్నాడని నాకు తెలియదు. నాలుగైదుసార్లు విని లోపలికొచ్చి పలక నా ముక్కు ముందు పెట్టాడు. "తల తెగుతోంది."

ఇవి మాటలు కావు, ఈలలు, నీకెలా తెలుస్తుందన్నాను. గదిలో మోడెం కూసే ఈల పొడుగ్గా ఉంది, తన చేతి సెట్టులో వచ్చేది పొట్టిగా ఉంది, కిటికీలోంచి రెండూ వింటున్నానని రాశాడు. తర్వాత నా మైకు చేతిలోకి తీసుకుని మీట నొక్కాడు. పాత సెట్టు లోపల స్విచ్చు టక్కుమని పడింది. అప్పుడు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నిదానంగా ఊపిరి తీసుకున్నాడు, మెడ దగ్గర తెల్లబట్ట లోపలికి కదిలింది, ఆ తర్వాతే పెదవులు మాట్లాడుతున్నట్టు కదిపాడు. పలక తుడిచి మళ్ళీ రాశాడు: "మీట నొక్కాక మనిషి ఊపిరి తీసుకుంటాడు. ఆ లోపల సెట్టు సర్దుకుంటుంది. నీ పెట్టెకు ఊపిరి లేదు. నేర్పు."

అప్పటికి నాకు వెలిగింది. వినడం నుంచి పంపడానికి మారేందుకు ఆ ముసలి సెట్టుకు కాస్త వ్యవధి కావాలి. మోడెం మీట నొక్కిన మరుక్షణమే కూయడం మొదలుపెడుతోంది, ఈల మొదలు తెగిపోతోంది, మొదలు లేనిదాన్ని అవతలి యంత్రం మొత్తంగా పారేస్తోంది. మోడెంలో ఒకే ఒక్క అంకె మార్చాలి, కూసే ముందు ఎంతసేపు ఆగాలో చెప్పే అంకె. సెట్లు బాగుచేసి జీతం తీసుకునే నాకు తట్టనిది, పాతికేళ్ళు చీకటి గదిలో ఇతరుల పెదవుల కోసం ఆగడం నేర్చిన ఆ చెవికి తట్టింది. అంకె మార్చి పంపిన నిమిషానికి ఫోను మోగింది. పెద్దాయన నా నమస్కారాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించారు. అవతలి సెట్టుకూ అదే నేర్పమని ఫోన్‌లోనే చెప్పాను.

మర్నాడు పొద్దున్న బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని ఏడింటికల్లా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను సెలవు పెట్టాను. పెద్దాయన వరసగా పిలుస్తూ వచ్చి, బాబాయి సెట్టు కట్టేసినా ఒక్కరోజూ మానని ఆ కాల్‌సైన్ ఎప్పటిలాగే పిలిచి ఆగారు. బాబాయి అప్పటికే టైపు చేసి ఉంచింది పంపాడు. సెట్టులో టక్కుమంది, ఒక క్షణం నిశ్శబ్దం, తర్వాత బర్రుమని కూత. ఊరిలోని సెట్లన్నిట్లోనూ ఆ కూత వినిపించి ఉంటుంది. పెద్దాయన తెర చూసి చదివారు: "అందరికీ నమస్కారం. ఆలస్యానికి మన్నించండి. ఊపిరి తీసుకుంటున్నాను."

చదవడం పూర్తయ్యాక పెద్దాయన మీట వదలడం మరిచిపోయారు. కాసేపు ఆయన ఇంట్లో గోడ గడియారం చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత ఎవరు మొదలుపెట్టారో తెలియదు, టక్, టక్ అని వచ్చింది. దాని వెనక ఇంకొకరిది, ఇంకొకరిది, ఆ ఉదయం ఎవరూ గొంతు విప్పకుండా ఒక్కొక్కరే రెండుసార్లు మీట నొక్కి వదిలారు. బాబాయి వేలు మడిచి ఒక్కొక్కరినీ గుర్తుపడుతూ ఉంటే, పిన్ని సున్నం వాళ్ళను గేటు దగ్గరే ఆపి, మేడ మీద ఆ కమ్మీ జోలికి పోకండని చెబుతోంది.

ఆయన ఇంకా పదకొండేళ్ళు బతికాడు, యాంటెన్నా ఆయన తర్వాతే దిగింది. ఇప్పుడక్కడ అపార్టుమెంటు లేచింది, ఆ మేడ మీంచి కనిపించిన సికింద్రాబాద్ ఏ వైపు ఉందో కూడా పోల్చుకోలేను. పొద్దుటి పిలుపు ఆగిపోయింది. ఉన్న నలుగురం ఫోన్‌లోనే పలకరించుకుంటున్నాం. సెట్టు నా బీరువా పక్కనే ఉంది, నొక్కితే ఇప్పటికీ టక్కుమంటుంది.

ఇంటికి చేరాక చెల్లెలికి ఫోన్ చేసి ఎక్కడికని అడిగితే, సమాధుల తోటకక్కా, సమాధుల పండగ వస్తోంది కదా, బాబాయిదీ పిన్నిదీ కడిగి సున్నం వేయించాలి అంది. వీలు చూసుకుని చెబుతానన్నాను. ఆ సాయంత్రం ఫోన్‌లో బొత్తాం నొక్కి, అలవాటుగా ఒక ఊపిరి తీసుకుని, నేనే వెళ్తానులే అని మెసేజ్ పంపాను. వెంటనే అదే ఫోన్ చేసింది, "ఏంటక్కా, నీ మెసేజ్‌లన్నీ నిట్టూర్పుతో మొదలవుతాయి, ఒంట్లో బాగుండటం లేదా" అని. ఏం చెప్పను. ఇంత మంచి యంత్రాలొచ్చాయి, ఆగాల్సిన పని ఏ సెట్టుకూ లేదు, అవతలివాళ్ళు ఊపిరి తీసుకుంటున్నారేమోనని ఒక క్షణం ఆగే మనుషులే కనబడటం లేదు. బాగానే ఉన్నానే అన్నాను, కానీ అది చెప్పే ముందు కూడా ఊపిరి తీసుకున్నానేమో, ఆ లోపలే అది హలో, హలో అంటోంది.