అన్నిటినీ పట్టే పెద్ద నియమం

సురేంద్రది హుకుంపేట అవతల కొండ మీది ఊరు. తండ్రి భీముడికి కాఫీ మొక్కలున్నాయి, కొడుక్కి కంప్యూటర్ పిచ్చి. రెండువేల రెండులో అరకులో మా వీధిగది అద్దెకు తీసుకున్న కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకి పాఠాలు చెప్పేవాడు. నా గదిలో ఏం జరుగుతోందో నాకు తెలియకపోతే ఎలా?

“ఏటి సేత్తన్నావురా, పాఠాలైపోయినా కదలవు?”

“స్కానర్లు తయారుచేసే సాధనం పిన్నీ.”

విడమరిచి చెప్పించుకున్నాను. మనం రాసిన ప్రోగ్రాం కంప్యూటర్‌కి అర్థం కావాలంటే ముందు దాన్ని ముక్కలు చేయాలట: ఇది అంకె, ఇది ఆజ్ఞ, ఇది మనం పెట్టుకున్న పేరు అని. అలా విడదీసేది స్కానర్. మనం నియమాలు ఇస్తే చాలు, వీడి సాధనం ఆ స్కానర్‌ని సి ప్లస్ ప్లస్‌లో తనే రాసిపెడుతుంది. ఏ స్కానర్ సామాను దానిదే, పక్కదాని జోలికి పోదు. వేరు కాపురం పెట్టిన తోడికోడళ్లన్నమాట.

“సేత్తో రాస్తే ఎన్నాళ్లురా?”

“వారం.”

“మరి దీనికి?”

“రెండేళ్లు. తరవాత నిమిషంలో అయిపోద్ది.”

“తరవాత నిన్ను రాయమన్నదెవులు?”

వాడు కీబోర్డు తుడుచుకున్నాడు.

విశాఖలో సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపే వరహాలరావుగారు అరకు చూడడానికి వస్తే, సెంటర్ యజమాని బతిమాలి తీసుకొచ్చాడు. ఆయనకు నచ్చితే ఉద్యోగం. లేకపోతే కాఫీ పళ్లు కోయడానికి కొండెక్కమని భీముడు ముందే చెప్పేశాడు.

సురేంద్ర మీట నొక్కాడు. తెర నిండా పేరు, పేరు, పేరు. ఆజ్ఞలు కూడా పేర్లే అయిపోయాయి.

“మీ ఊళ్లో ఆజ్ఞ ఇచ్చేవాడే లేడేమిటయ్యా?” అన్నారాయన టీ అందుకుంటూ.

వాడు నియమాల్లోకి దూరాడు. ఒక మాట రెండు నియమాలకీ సరిపోతే పైన రాసిందే గెలుస్తుంది. ఆ పద్ధతి పెట్టింది వీడే. నిన్నటిదాకా బాగానే ఉంది, పెద్దమనిషి చూస్తాడని నియమాలు సర్దాడట. ఏ మాటనైనా పేరని పట్టేసే నియమాన్ని తీసుకెళ్లి అన్నిటికన్నా పైన కూర్చోబెట్టాడు.

“ఎందుకలా?” అన్నారాయన.

“పెద్ద నియమం గదండి. పెద్దోళ్లని కింద కూకోబెడతామేటి?”

వాళ్ల ఊరి విందులో పెద్దల వరస లేవందే పిల్లల ముందు అడ్డాకు విస్తరి పడదు మరి.

దాన్ని కిందకి దించాడు. ఆజ్ఞ ఆజ్ఞగా, పేరు పేరుగా విడిపోయాయి. టీ ఇంకా చల్లారలేదు.

“ఇలాంటిది ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది, తెలీదా?”

“అరకులో ఇంటర్నెట్ ఏదండి?”

ఆయన కప్పు కింద పెట్టారు. “ఊరికే దొరికింది వాడుకునేవాళ్లు మా ఆఫీసు నిండా ఉన్నారు. అది చెడితే ఎక్కడ విప్పాలో ఒక్కడికీ తెలీదు. సోమవారం రా.”

మొదటిసారే సరిగ్గా పనిచేసి ఉంటే టీ తాగి వెళ్లిపోయేవారు.

ఆదివారం వాళ్ల ఊళ్లో విందు. పిలవకపోయినా వెళ్లాను. సురేంద్ర అన్నం గంప పట్టుకుని తిన్నగా పిల్లల వరస వైపు నడిచాడు. ఖాళీ ఆకు ముందు కూర్చున్న భీముడు నా వైపు తిరిగాడు.

“సూసినావా అమ్మా, ఉజ్జోగంలో ఇంకా సేరనేదు. అప్పుడే మమ్మల్ని కిందకి దించేసినాడు.”