ఘాటు రాని మిరపకాయలు

నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరు నాయుడుగారికి ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారుంది. సీమకు వెళ్లిపోతూ ఎవరో తెల్లదొర అమ్మిపోయాడు. ముసలిదైపోయింది, వారానికో రిపేరు. అయినా అది మా మైలాపూరు వీధిలో బయల్దేరితే నా సైకిలు మొహం చూడబుద్ధి కాదు.

ఈ ఉదయం అది స్టార్టు కాలేదు. నాయుడుగారు ప్లగ్గులు తుడిచారు, నాచేత తోయించారు. కదల్లేదు. వాళ్లమ్మగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, కారుకు దిష్టి తీసి, కుంపట్లో వేశారు. మిరపకాయలు మాడిపోయాయి గానీ ఘాటు రాలేదు.

"చూస్తివా నాయనా, ఒక్కరికీ దగ్గు రాలా! అంటే దిష్టి తగిలినట్టే. ఎవురి కండ్లో గట్టిగా పడుండాయి," అంటూ ఆవిడ చుట్టూ చూశారు.

నేను వెంటనే దగ్గాను. కళ్లలో నీళ్లొచ్చేదాకా దగ్గాను.

"అయ్యో, ఈ అబ్బాయికొక్కడికే తగిలిందే ఘాటు!" అని పాపం మంచినీళ్లు కూడా ఇచ్చారు.

ఆ నీళ్లు తాగుతుండగానే కారు స్టార్టయింది. ఆవిడ తలకు చెంగు చుట్టుకుని కొడుకు పక్కన కూర్చుని షికారెళ్లారు. పొద్దుట్నించీ తోసిన నేను పొగలో మిగిలాను. అప్పుడొచ్చింది అసలు దగ్గు.

నిజం చెప్పండి, మీరైతే దగ్గకుండా ఉండేవాళ్లా?