ఆఖరి బంతి జడ్సన్

జడ్సన్‌కు ఒక పని మొదలుపెట్టడం తెలుసు, అది ముగిసేదాకా ఉండటం తెలుసు. మధ్యలో లేచి రావడమనే విద్య మాత్రం అరవై ఏళ్లు నిండినా ఆయనకు పట్టుబడలేదు. పెళ్లికి వెళితే ఆఖరి బంతి లేచి, విస్తళ్లు ఎత్తి, గుండిగలు తోమి బోర్లించేదాకా పందిట్లోనే ఉంటాడు. అందుకే విడవలూరు దాటి సముద్రం దాకా ఏ పాళెంలో అడిగినా ‘ఆఖరి బంతి జడ్సన్’ అంటేనే ఇల్లు చూపిస్తారు.

నెల్లూరులో బస్సెక్కితే సొంత ఊళ్లో దిగడు. బస్సు కడపటి స్టాపుకు పోవాలి, డ్రైవరు ఇంజను కట్టెయ్యాలి, అప్పుడు దిగి రెండు ఊళ్లు వెనక్కి నడిచొస్తాడు. ఒకసారి పక్కింటి పెంచలకృష్ణకు కడుపు కోసి ఆపరేషన్ చేస్తే పలకరించి వస్తానని ఆసుపత్రికి వెళ్లి, అతను డిశ్చార్జి అయినాక అతనితోనే తిరిగొచ్చాడు. ఆటోలోంచి దిగిన ఇద్దరినీ చూసి, ఆపరేషన్ జరిగింది జడ్సన్‌కే అనుకుని జనం ఆయన్నే రెక్క పట్టుకుని ఇంట్లోకి నడిపించారు.

చర్చిలో మరీ కష్టం. ఎంత పొడుగు ప్రసంగమైనా జడ్సన్ ముందు వరసలో కన్నార్పకుండా వింటాడు. వినే మనిషి ఒకడు కనబడితే పాస్టరయ్య మాత్రం ఎందుకు ఆపుతాడు? పొయ్యి మీద కూర మాడుతున్న ఆడవాళ్లు వెనక నుంచి, “జడ్సనన్నా, నీకు దండం పెడతాం, ఒక్కసారి ఆవలించు” అని గొణిగేవాళ్లు.

వీటన్నిటికీ ఆయన దగ్గర ఒకటే సమాధానం.

“పరలోకానికని బయల్దేరినోళ్లం బావా మనం. నడాన దిగిపోయినోడు ఊరు చేరినట్టు నువ్వెక్కడన్నా విన్నావా?”

“పరలోకానికైతే సరే బావా. నెల్లూరు బస్సుకేంది ఆ నియమం?”

“అలవాటు కావద్దా?”

ఈ బావ విజయభాస్కర్. జడ్సన్ భార్య అబిగయీలుకు స్వయానా అన్న. ఊరి బళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆ చదువుతోనే రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచిన మనిషి. వీధిలో కొళాయి ఆయన వేయించిందే. సమాధుల తోటకు ప్రహరీ గోడ ఆయన హయాంలో లేచిందే. చర్చి సౌండు బాక్సులు ఆయన మద్రాసు దాకా పోయి బేరమాడి తెచ్చినవే. పదవి పోయి చాలా కాలమైనా ఊరు ఆయన్ని ‘మెంబరు గారూ’ అనే పిలుస్తుంది. పిలవకపోతే ఆయన పలకడు.

ఏ కార్యానికైనా విజయభాస్కర్ వస్తాడు, అందరికీ కనబడతాడు, మైకు అందుకుని నాలుగు మాటలు చెబుతాడు, జనం ఆమేన్ అనేలోగా వెళ్లిపోతాడు. పెద్దమనిషి ఎక్కువసేపు కూర్చుంటే విలువ తగ్గుతుందని ఆయన నమ్మకం. అలాంటి మనిషికి ఇలాంటి బావ దొరకడం దేవుడు పెట్టిన పరీక్షేనని, అందులో తాను ఇప్పటిదాకా ఫస్టు క్లాసులో పాసవుతూ వచ్చానని ఆయన లెక్క.

జడ్సన్ కూతురు వినీల రొయ్యల హేచరీ ల్యాబులో పని చేస్తుంది. ఆమెకు ముందొక సంబంధం వచ్చింది, తోటపల్లి గూడూరు నుంచి. ఇల్లు చూసి రమ్మని తండ్రిని పంపారు. పొద్దున టిఫిను వేళకు వెళ్లిన జడ్సన్, వాళ్లు మధ్యాహ్నం తిని కునుకు తీసినా కదల్లేదు, సాయంత్రం ప్రార్థన చేసుకున్నా కదల్లేదు. “రాత్రికి చాప వెయ్యమంటారా?” అని వాళ్లు ఎత్తిపొడుపుగా అడిగితే “మీ ఇష్టం” అన్నాడు. మర్నాడే కబురొచ్చింది. పిల్ల బాగుంది గానీ తండ్రిని భరించే స్తోమత తమకు లేదని.

అందుకే ఈ రెండో సంబంధం మీద ఇంటిల్లిపాదికీ ప్రాణం. కావలి కుర్రాడు ప్రవీణ్, జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. వినీలకు చర్చి యవ్వనస్థుల కూడికల్లో పరిచయం. పిల్ల మేనమామ దగ్గరికొచ్చి చెప్పేసింది.

“మామా, ఇది తప్పిపోతే నేను ఇంకెవురి ముందరా కూర్చోను. నాయన్ని నువ్వే చూసుకోవాల.”

“గోడ కట్టించినోణ్ణి, మీ నాయన్ని ఒక్క పూట కట్టెయ్యలేనా?” అన్నాడు విజయభాస్కర్.

చిక్కల్లా కుర్రాడి తండ్రి పోలేరయ్యతో. ఆయన బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయినవాడు. బస్సు నిమిషం ఆలస్యమైతే డ్రైవరు చేత కన్నీళ్లు పెట్టించిన మనిషి. వయసు మళ్లాక బాప్తిస్మం తీసుకున్నాడు. పేరు మార్చుకోలేదు, రాహుకాలమూ మానుకోలేదు. “నాకేం పట్టింపు లేదండీ, మా ఇంట్లో ఆడోళ్లకు” అంటాడు. ఆ ఇంట్లో ఆడవాళ్లు ఎన్నడూ క్యాలెండరు వంక చూసి ఎరగరు. ఆదివారం మూడింటికి వస్తామనీ, రాహుకాలం తగిలే నాలుగున్నరలోగా మాట ఖాయం కావాలనీ, అది దాటితే మళ్లీ రాననీ ఫోనులో చెప్పాడు.

సరిగ్గా శనివారం తెల్లవారుజామున, పడవ మీద బతికిన మునెయ్య పడకలో కన్నుమూశాడు. పిల్లాజెల్లా లేని మనిషి. సంఘంలో అందరికంటే పాత విశ్వాసి. భూస్థాపన ఆదివారం ఆరాధన కాగానే అన్నారు. చూపులు వాయిదా వేద్దామని అడిగితే పోలేరయ్య, “వేసిన టైం మార్చేది లేదు” అన్నాడు.

“ఏమయ్యా, నువ్వు పోకపోతే మునెయ్యన్న లేచొచ్చి అడుగుతాడా?” అంది అబిగయీలు.

“ఆయన లేస్తాడనే గదా మనం నమ్ముకునుండేది” అని జడ్సన్ కండువా వేసుకున్నాడు.

అబిగయీలు అన్న వైపు తిరిగింది. “అన్నా, మట్టి పడంగానే లాక్కొచ్చెయ్యి. సిగ్గుపడబాక, అవసరమైతే భుజానేసుకుని రా.”

సమాధుల తోటలో విజయభాస్కర్ మునెయ్యను గురించి రెండు ముక్కలూ, ప్రహరీ గోడను గురించి ఆరు ముక్కలూ మాట్లాడాడు. జనం తలా పిడికెడు మట్టి వేసి, చెప్పులు దులుపుకుని వెళ్లిపోయారు. పాస్టరయ్యా వెళ్లిపోయాడు. జడ్సన్ మాత్రం గుంట పూడ్చేవాళ్లతో పాటు పార పట్టుకున్నాడు. దిబ్బ సర్ది, నీళ్లు చల్లి, వాళ్లకు టీ తెప్పించి, వాళ్లు తాగిన గ్లాసులు కూడా తానే ఏరాడు. విజయభాస్కర్ ఆటోలో కూర్చుని గడియారాన్ని చూసిచూసి, దాని ముల్లు అరిగిపోతుందేమోనని భయపడ్డాడు.

“అయిందా బావా?”

“ఈడయింది” అన్నాడు జడ్సన్. ఆటో ఎక్కలేదు. నడుచుకుంటూ మునెయ్య ఇంటి వైపు పోయాడు.

విజయభాస్కర్ వెంట పడ్డాడు. ఇంట్లో మునెయ్య భార్య కామమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టాలందరూ మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఇరుగుపొరుగు తెచ్చిన క్యారియర్లు వరసగా ఉన్నాయి. ఒక్కదాని మూతా తియ్యలేదు. జడ్సన్ ఆమెకు ఎదురుగా నేల మీద బాసింపట్టు వేశాడు. ఓదార్పు లేదు, వాక్యం లేదు. ఊరికే కూర్చున్నాడు.

“బావా, మూడవతుండాది. లే.”

“తిన్నాక.”

“ఇంటికాడ తిందువు గాని, అబిగయీలు గారెలు చేసింది.”

“నేను గాదు. వదిన. నిన్నట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదంట.”

విజయభాస్కర్ ఎలక్షన్లలో అలక పూనిన వీధిని మొత్తం దారికి తెచ్చిన మనిషి. గొంతు సవరించుకున్నాడు. “చూడు కామమ్మక్కా. నేను మెంబరుగా ఉన్నప్పుడు…” అని మొదలుపెట్టి కొళాయి దాకా వచ్చాడు. కామమ్మ రెప్ప కదపలేదు. చెప్పింది విని కూడా కదలని ఓటరును ఆయన మొదటిసారి చూశాడు.

చిరాగ్గా పెరట్లోకి వచ్చాడు. అక్కడ మాలకొండమ్మ గిన్నెలు తోముతోంది. ఆమె పెళ్లిళ్లకు అంట్లు తోమే మనిషి.

“మీ బావనిప్పుడు లేపలేవులే మెంబరు గారూ” అంది తలెత్తకుండా. “మా ఆయన పోయినప్పుడూ ఇంతే. జనమున్నంతసేపూ ఏడుపొస్తాది. జనం పోయినాక ఏడుపు గూడా రాదు, ఇల్లు మింగేస్తాది. ఆ టయానికి ఈయప్ప ఉంటాడు.”

“మరి పెండ్లిళ్లలో? ఆఖరి బంతి దాకా తింటా కూర్చుంటాడే.”

“తినేదెక్కడ? ఆఖరి బంతి అంటే మేమే సామీ. వడ్డించినోళ్లం, అంట్లు తోమేవాళ్లం. అప్పటికి పెండ్లోళ్లు నిద్రలకు పోయుంటారు. మాకు వడ్డించేది ఈయప్పే. అప్పడం దాచిపెట్టి మరీ ఏస్తాడు.”

విజయభాస్కర్‌కు తన భార్య చనిపోయిన ఏడు జడ్సన్ నెల పొడుగునా తన ఇంట్లోనే పడి ఉండి, రాత్రుళ్లు గుర్రు పెట్టి నిద్ర చెడగొట్టడం గుర్తొచ్చింది. అబిగయీలు తరిమేసిందేమో, పాపం దిక్కులేక వచ్చాడని, తానే జాలిపడి ఉండనిచ్చానని ఇన్నాళ్లూ నలుగురికీ చెప్పుకున్నాడు. తన ఘనకార్యాల వరసలో దానిక్కూడా ఒక చోటుండేది. ఇప్పుడది అక్కడ నిలబడలేదు.

“బస్సు సంగతేంది మరి?” అన్నాడు. “కడ స్టాపులో ఎవురుండారు?”

“అది నాకు తెల్దు సామీ. అది తిక్కే అయ్యుంటాది.”

ఫోను మోగింది. అవతల అబిగయీలు. “అన్నా, నాలుగు దాటింది. పిల్లోడి నాయన వాచీ చూస్తుండాడు, వాళ్లమ్మ సంచి సర్దుకుంటుండాది. పిల్ల లోపల తలుపేసుకుంది. యాడ చచ్చినారు ఇద్దరూ?”

“చచ్చినోళ్ల ఇంట్లోనే ఉండాం. మీ ఆయన లెయ్యడు, నేనేం జేసేది? సంబంధం పోతే పొయింది, పిల్ల రాతంతే” అని నడవలో నిలబడి గట్టిగా అరిచాడు. అరిచాక గానీ తెలియలేదు, కామమ్మ వింటోందని.

“ఏ పిల్లకి?” అంది కామమ్మ.

నిన్నటి నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

“మన వినీలకు అక్కా. మగపెండ్లివారు ఇంటికొచ్చి కూర్చోనుండారు.”

“జడ్సనా, బుద్ధుందా నీకు? ఈడ కూర్చోని ఏం జేస్తుండావ్? లేచి పో.”

“నువ్వు తిను వదినా. లేస్తా.”

“ఆయన లేకుండా నాకు ముద్ద దిగదబ్బా.”

“మునెయ్యన్న పోయినచోట విందు జరుగుతా ఉంటాది, వదినా. నువ్వు పస్తుంటే ఆడ ఆయనకేం ఒరగదు. నీకు పిలుపు వచ్చిందాకా నువ్వుండేది ఈడే. ఈడున్నన్నాళ్లూ ఈడ తినాల్సిందే.”

“పిల్ల సంబంధం చెడగొడతావా నా మీద పెట్టి?”

“చెడేది బాగుపడేది నీ చేతుల్లో ఉండాది.”

కామమ్మ ఆయన్ని తిట్టింది. పాళెంలో మగవాళ్లు పడవ మీద మాత్రమే వాడే తిట్లు రెండు కూడా తిట్టింది. తిట్టి, పళ్లెం ముందుకు లాక్కుంది. క్యారియరు మూత రాకపోతే విజయభాస్కర్ వంగి తీశాడు. సాంబారు అన్నం తానే కలిపి పెట్టాడు. ఆమె ఒక్కో ముద్దా మింగుతుంటే, ఓట్ల లెక్కింపు గదిలో నిలబడినట్టు ఊపిరి బిగబట్టి చూశాడు.

అప్పుడు వాకిట్లో ఆటో ఆగింది. బస్టాండుకు పోతూ దారిలో ఉన్న ఇల్లు కనుక్కుని, ఈ వియ్యంకుడెవరో ఒకసారి మొహం చూసి నాలుగు దులిపి పోదామని, భార్యనూ కొడుకునూ ఆటోలోనే ఉంచి పోలేరయ్య దిగాడు. గడప దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. చావింట్లో పెళ్లి మాట ఎత్తకూడదు, పైగా నాలుగున్నర దాటింది.

“జడ్సన్ అంటే ఎవురండీ? మూడింటికి వస్తామని చెప్తే…”

“కొంచెం ఆగండయ్యా” అన్నాడు జడ్సన్ అటు తిరక్కుండా. “మజ్జిగన్నం ఉండాది ఇంకా.”

పోలేరయ్య మీసం అదిరింది. ఉద్యోగంలో ఆయన్ని ఆగమన్నవాడు లేడు. కామమ్మ నోట్లో ముద్దతోనే అడిగింది. “ఈయనేనా మగపిల్లోడి నాయన? అట్లా వాకిట్లో నిలబడితే నాకు ముద్దెట్లా దిగుతాది? లోపలికి రాయ్యా.”

వచ్చాడు. చాప కొసన కూర్చున్నాడు. ముసలామె తింటోంది, ఎదురుగా ఒకడు కాపలా కాస్తున్నాడు, పక్కన ఇంకొకడు చేతికి సాంబారు అంటించుకుని ఉన్నాడు. తెరిచిన క్యారియరొకటి, తెరవనివి అయిదారు. సంగతి అర్థం కావడానికి పోలేరయ్యకు ఎంతో సేపు పట్టలేదు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. ఫోను తీశాడు.

“ప్రవీణా, నేనే నాయనా. మీ అమ్మను ఆటో దిగి లోపలికి రమ్మన్నానని చెప్పు. నువ్వు అదే ఆటోలో పోయి ఆ పిల్లనీ, వాళ్లమ్మనీ తీసుకుని ఈడికి రా. ఆఁ, ఈ ఇంటికే. గారెలు గూడా పట్టుకురండి. ఏంది, టైమా? టైము నేను చూసుకుంటా.”

విజయభాస్కర్‌కు ప్రసంగం ఇవ్వడానికి ఇంతకంటే మంచి అదను జీవితంలో రాలేదు. లేచి నిలబడ్డాడు. మళ్లీ ఏమనుకున్నాడో, రెండో క్యారియరు మూత తీసే పనిలో పడ్డాడు.

“ఒక్క షరతుండాది” అన్నాడు పోలేరయ్య గొంతు పెద్దది చేసి. “ఈయన మా ఇంటికి వియ్యంకుడిగా ఎన్నిసార్లయినా రావొచ్చు. అయితే కూర్చుంటే లేచే మనిషి కాడు గదా, వచ్చేముందు మా మంచాలు లెక్కపెట్టుకోనియ్యాల.”

కామమ్మ నవ్వేసింది. మొగుణ్ణి మట్టి చేసిన రోజు నవ్వానని తానే ఉలిక్కిపడి, ఎడమచేత్తో కొంగు లాగి నోటికి అడ్డం పెట్టుకుంది. జడ్సన్ అదేమీ చూడనట్టు ఆమె పళ్లెంలోకి మజ్జిగ వంచాడు.